పంచని కేకు, పంచని సారె

పెళ్ళి కేకు మన సంప్రదాయం కాదట. అందుచేత సంఘం వారి మండపం సామాను, పీటలు, బిందెలు వాడుకునే కుటుంబాలేవీ ఇకమీదట పెళ్ళిలో గానీ, రిసెప్షన్లో గానీ కేకు కోయకూడదట. కోయబోమని ముందే సంతకం పెట్టి ఇవ్వాలట. ఈ మేరకు ఒక తీర్మానం తయారవుతోంది. ఏ సంఘమో పేరెందుకు లెండి, ఇలాంటి తీర్మానాలు తెలుగువాళ్ళు పదిమంది చేరిన ఏ ఊళ్ళోనైనా పుడతాయి. చిత్తు ప్రతి నాకూ వచ్చింది, అభిప్రాయం చెప్పమన్నారు. చెబుతున్నాను. కాస్త పెద్దదైంది, ఓపిక పట్టండి.

ముందుగా ఆ పెద్దల కోపానికి కారణముందని ఒప్పుకుంటాను. ఈ మధ్య ఆక్లండులో మన పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళకి నేను వర్ణించనక్కర్లేదు. తలంబ్రాల బియ్యం పెళ్ళికూతురి జడలోంచి ఇంకా రాలుతుండగానే హాల్లో దీపాలార్పుతారు. పొగ వదులుతారు. చక్రాల బల్లమీద ఐదంతస్తుల తెల్లటి గోపురం ఒకటి దొర్లుకుంటూ వస్తుంది. యాంకరమ్మాయి ఇంగ్లీషులో లెక్కపెడుతుంది. వధూవరులు పూలు చుట్టిన కత్తి పట్టుకుని అడుగు అంతస్తులో ఫలానా చోటే దింపుతారు, ఎందుకంటే ఆ ఫలానా చోట మాత్రమే కేకు ఉంటుంది! మిగతా నాలుగున్నర అంతస్తులూ థర్మోకోల్. దానిమీద చక్కెర ముద్ద పరిచి, పువ్వులు గుచ్చి, ముత్యాలు అంటించి, ఫోటోలు అయ్యాక మళ్ళీ వ్యానెక్కించి తీసుకుపోతారు. వచ్చే శనివారం అదే గోపురం ఇంకో పెళ్ళిలో దర్శనమిస్తుంది. మూడువందల మందిలో కేకు నోట్లో పడేది ఇద్దరికి. మిగతా మనం చప్పట్లు కొట్టి గులాబ్ జాం తింటాం.

ఇది చూసి పెద్దలకి ఒళ్ళు మండిందంటే నాకూ మండింది. కాని వాళ్ళు 'పరాయి' అన్న మాట పట్టుకున్నారు. నేను 'థర్మోకోల్' అన్న మాట పట్టుకున్నాను. తేడా అక్కడే వచ్చింది.

పరాయి సంగతి ముందు తేల్చుకుందాం. ఇదే హాల్లో పెళ్ళికి ముందురోజు సంగీత్ జరుగుతుంది. మన తాతమ్మలు ఎవరైనా సంగీత్ చేసుకున్నారా? మెహెందీకి ఒక సాయంత్రం, హల్దీకి ఒక ఉదయం. హల్దీ అట, మంగళస్నానం అనడానికి నోరు తిరగనట్టు. పెళ్ళికొడుకు షేర్వానీలో వస్తాడు. ఇవేవీ గోదావరి ఒడ్డున పుట్టినవి కావు. వీటిమీద తీర్మానం లేదు. బొంబాయి సినిమా తెచ్చిందయితే మనదే, బేకరీలోంచి వస్తే పరాయిది! పుట్టినరోజుకి కేకు కొయ్యని తెలుగిల్లు ఈ దేశంలో ఒక్కటి చూపించండి, ఆ తీర్మానం కింద మొదటి సంతకం నేనే పెడతాను. దీపం ఊది ఆర్పడం అశుభమని మా అమ్మ తెనాలిలో గొడవపెట్టేది. ఇప్పుడు తీర్మానం రాసిన పెద్దాయనగారి అరవయ్యో పుట్టినరోజుకి ఆయన ఆర్పిన కొవ్వొత్తుల్ని నేనే వెలిగించాను.

ఇంకొకటి. 'తెలుగు సంప్రదాయం' అని రాసేటప్పుడు తెలుగువాళ్ళంటే ఎవరో ఆ కాగితానికి తెలియదు. గుంటూరు నుంచి, నరసాపురం నుంచి ఇక్కడికి వచ్చిన క్రైస్తవ కుటుంబాలున్నాయి. వాళ్ళ అమ్మమ్మలు గుడిలో పెళ్ళి చేసుకుని పందిట్లో కేకు కోసినవాళ్ళు. ఆ అమ్మమ్మలు మాట్లాడింది తెలుగే, పాడింది తెలుగు కీర్తనలే. ఉగాది పచ్చడికి వాళ్ళు కావాలి, పిల్లల బడిలో గుణింతాలు చెప్పడానికి వాళ్ళు కావాలి, చందాకి మరీ కావాలి. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సంతకం పెట్టండి అంటామా?

ఇక ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాళ్ళే.

1879లో మొదలై 1916 దాకా అరవైవేల మందికి పైగా మనవాళ్ళని గిర్మిట్ మీద ఫిజీ చెరకుతోటలకి తీసుకుపోయారు. అగ్రిమెంటు అన్న మాట నోరు తిరక్క గిర్మిట్ అయింది. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడలెక్కించారు. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. నూరుమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు చొప్పున ఓడ ఎక్కాలన్నది లెక్క. ఆ లైన్లలో, ఆ గదుల్లో పెళ్ళి అన్నది ఎలా నిలిచిందో ఊహించండి. మన పద్ధతిలో మంగళసూత్రం కట్టినా రిజిస్టరు కాకపోతే సర్కారు లెక్కలో అది పెళ్ళే కాదు. అంత కరువులో అప్పగింతల పాటలు దాచుకున్నారు ఆ జనం.

వాళ్ళు నరికిన చెరకు ఏమయింది? కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, సి.ఎస్.ఆర్. అంటారు, దాని మిల్లులు నౌసోరిలో 1882లో, బా ఊళ్ళో రారవాయి దగ్గర 1886లో, లంబాసాలో 1894లో, లౌటోకాలో 1903లో నడవడం మొదలుపెట్టాయి. అక్కడ ముడి చక్కెర తయారయ్యేది. ఆ ముడి చక్కెర ఓడలెక్కి ఆక్లండు వచ్చేది. హార్బరుకి ఉత్తరపు ఒడ్డున బర్కెన్‌హెడ్‌లో గులాబిరంగు గోడల చెల్సీ చక్కెర ఫ్యాక్టరీ ఉంది చూడండి, ఆదివారాలు మనం పిల్లల్ని తీసుకెళ్ళి బాతులకి మేత వేసే చోటు, అది 1884లో తెరిచారు. కొద్ది ఏళ్ళకే అదీ సి.ఎస్.ఆర్. చేతికి వచ్చింది. ఫిజీ నుంచి గోధుమరంగులో వచ్చిన చక్కెర అక్కడ తెల్లగా మారి, బస్తాల్లో న్యూజీలాండ్ వంటిళ్ళకి చేరేది. ఆ తెల్లటి చక్కెరతోనే ఈ దేశంలో పెళ్ళి కేకులకి ఐసింగ్ పూశారు. అయ్యా, ఈ దేశపు పెళ్ళి కేకులో మన చెమట నూరేళ్ళనాడే కలిసింది. మనది కాదంటారేమిటి?

ఒక అవ్వ సంగతి చెబుతాను. ఎనభై దాటింది. బా ఊరి దగ్గర చెరకుతోటల్లో పెరిగింది. తాత విశాఖ జిల్లా నుంచి వెళ్ళాడని తెలుసు, ఏ ఊరో తెలియదు. 2000లో అక్కడ ప్రభుత్వాన్ని కూలదోసిన తర్వాత కొడుకులు ఇక్కడికి తీసుకొచ్చేశారు. మనవలు ఆజీ అంటారు. నేను అవ్వా అంటే మాత్రం ఆవిడ ముఖం విప్పారుతుంది. ఆవిడ తెలుగులో సగం హిందీ ఉంటుంది, మిగతా సగంలో మనం మరిచిపోయిన మాటలుంటాయి.

మొన్న వేసవిలో ఆవిడ మనవరాలికి పెళ్ళయింది. కుర్రాడు విజయవాడవాడు, ఇక్కడే ఉద్యోగం. అవ్వ రెండు నెలల ముందే పని మొదలుపెట్టింది. ఎండుద్రాక్ష, కిస్మిస్, చెర్రీలు, నారింజ తొక్కలు సన్నగా తరిగి ఫిజీ రమ్ములో నానబెట్టింది. మూడు సైజుల్లో మూడు కేకులు కాల్చింది. కాగితం చుట్టి, డబ్బాల్లో పెట్టి, వారానికోసారి విప్పి పుల్లతో పొడిచి రెండు చెంచాల రమ్ము పోసి మళ్ళీ కట్టేది. ఊరగాయ జాడీకి చేసే సేవ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చక్కెర, ఎండుపళ్ళు, సారాయి కలిసి తేమని పట్టేసుకుంటాయి, బూజుకి చోటుండదు, నెలలకొద్దీ నిలవ ఉంటుంది. చింతకాయ తొక్కు తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. తన నలుగురు కూతుళ్ళకీ ఆవిడే చేసిందట. బాలో ఉన్నప్పుడు కట్టెపొయ్యి మీద.

వియ్యాలవారికి తెలిసింది. గుడ్డు ఉందా అన్నారు. ఉంది. సారాయి ఉందా అన్నారు. ఉంది. అయితే హాల్లోకి రాదన్నారు. సరే, తినని వాళ్ళని తినమనడం తప్పు. నేను దాన్ని తప్పుపట్టను. గుడ్డు ముట్టని ఇంటివాళ్ళకి ఆ మాట అనే హక్కుంది. అక్కడితో ఆగితే బాగుండేది. "ఫిజీవాళ్ళకి మన పద్ధతులేం తెలుసు, వదినగారూ" అని వియ్యపురాలు నాతోనే అన్నారు. అన్న మర్నాడే ఈవెంటు కంపెనీకి ఫోను చేసి ఐదంతస్తుల థర్మోకోల్ గోపురాన్ని మాట్లాడారు. పైన చెప్పిన పొగ, దీపాలు, యాంకరమ్మాయి అన్నీ అక్కడివే.

అవ్వ కేకులు కారు డిక్కీలో ఉండిపోయాయి. భోజనాలయ్యాక ఆవిడ చీరకొంగు దోపుకుని కారు దగ్గరికి వెళ్ళింది. కొడుకుల చేత డిక్కీ తెరిపించి, అక్కడే కోసి, వెన్నకాగితంలో మడిచి పంచింది. హాలు ఊడ్చే టోంగా ఆవిడకి, గేటు దగ్గర నిలబడ్డ సమోవా కుర్రాడికి, మా పిల్లలకి, డ్రైవర్లకి. ఒక మడత తీసి కొడుక్కిచ్చి వియ్యపురాలికి ఇమ్మంది, గుడ్డు లేని బర్ఫీ ముక్క వేరే కట్టి మరీ. "కూతుర్నిచ్చిన ఇంటికి తీపి పోకుండా ఎట్లా, బిడ్డా" అంది నాతో.

ఆ రాత్రి ఆ హాలు ఆవరణలో తెలుగు సంప్రదాయం ఎక్కడుందో మీరే చెప్పండి. వేదిక మీదా, డిక్కీ దగ్గరా?

ఇంగ్లీషువాళ్ళ కేకు కథ కొంచెం తిరగేస్తే మనకి తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. రోమనులు పెళ్ళిలో ధాన్యపు రొట్టెని ఇద్దరికీ పెట్టేవారు. స్కాట్లండులో ఓట్సు రొట్టెని పెళ్ళికూతురి నెత్తిమీద విరిచేవారు. మనం బియ్యం పోస్తాం, వాళ్ళు రొట్టె విరిచారు. ఇంగ్లండులో ఒకప్పుడు కేకు కాదు, పెళ్ళి పై ఉండేది, మాంసంతో. 1769లో ఎలిజబెత్ రాఫల్డ్ అనే ఆవిడ తన వంటల పుస్తకంలో పెళ్ళికూతురి కేకు చేసే విధానం అచ్చువేసింది. నాలుగు పౌన్ల పిండి, నాలుగు పౌన్ల వెన్న, పౌను పిండికి ఎనిమిది గుడ్లు. పైన బాదం ముద్ద, దానిపైన తెల్ల చక్కెర. అంత తెల్లటి చక్కెర ఆ రోజుల్లో బోలెడు ఖరీదు. కాబట్టి ఐసింగ్ తెల్లదనం మొదట్లో పవిత్రత కాదు, డబ్బున్నదని చాటింపు. ఈ విషయంలో మాత్రం మన ఈవెంటు కంపెనీలు అసలైన సంప్రదాయవాదులే!

1840 ఫిబ్రవరిలో విక్టోరియా రాణి పెళ్ళి కేకు మూడువందల పౌన్లు, చుట్టుకొలత మూడు గజాలు. 1858లో ఆవిడ పెద్దకూతురి పెళ్ళికి అంతస్తులు లేచాయి. పై అంతస్తులు చాలావరకు ఉత్త చక్కెర బొమ్మలే. అంటే బూటకం కూడా రాజకుటుంబం నుంచే వచ్చింది. అంతస్తుల బరువు మొయ్యాలంటే ఐసింగ్ రాయిలా గట్టిపడాలి. గట్టిపడితే పెళ్ళికూతురు ఒక్కతీ కొయ్యలేదు, పెళ్ళికొడుకు చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాతే దానికి 'దంపతులు కలిసి చేసే మొదటి పని' అని అర్థం అంటించారు. మన పురోహితులు ప్రతి క్రియకీ అర్థం చెప్పే తీరు గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది. అర్థం వెనకొచ్చినంత మాత్రాన అబద్ధం అయిపోదు గానీ, ముందే ఉందని మాత్రం అనకూడదు.

ఇంతకంటే ముఖ్యం, ఆ కేకుని ఏం చేసేవారన్నది. ముక్కలు కోసి, చిన్న చిన్న అట్టపెట్టెల్లో పెట్టి, రాలేకపోయిన చుట్టాలకి పోస్టులో పంపేవారు. పెళ్ళికాని పిల్లలు ఆ ముక్కని దిండుకింద పెట్టుకుని పడుకునేవారు, కాబోయేవాడు కలలోకి వస్తాడని. పై అంతస్తుని దాచి మొదటి బిడ్డ నామకరణానికి తీసేవారు. ఇప్పుడు మన సారె గుర్తుచేసుకోండి. అరిసెలు, కాజాలు, లడ్లు, సున్నుండలు కావిళ్ళలో పిల్లతో పాటు వెళితే అత్తగారు వీధంతా ఇంటింటికీ పంచేది. పంచకపోతే మాట పడేది. పిల్ల కడుపు చల్లగా ఉండాలని పుట్టింటివాళ్ళు చలిమిడి కట్టిస్తారు. బిడ్డకోసం దాచిన ఆ పై అంతస్తూ, మన చలిమిడీ ఒక తల్లి బిడ్డలు కావూ? రెండూ పుట్టింటి తీపి పది గడపలకి చేరడమే.

పంచడం పోయాక రెండూ ఒకటే అయ్యాయి. కేకు థర్మోకోల్ అయింది. సారె? ఇక్కడ మన పెళ్ళిళ్ళలో సారె పళ్ళేలు చూశారా? నెమలి ఆకారంలో, ఏనుగు ఆకారంలో అమర్చి, మెరుపు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, వరసగా పెట్టి డ్రోనుతో ఫోటో తీస్తారు. పళ్ళేలు అద్దెవి, సోమవారానికి తిరిగివ్వాలి. లోపలి లడ్డు ఎవరు తిన్నారు? ఒక పెళ్ళిలో నేను అడిగాను కూడా. కాగితం విప్పితే అందం పోతుందన్నారు! కేకుని నిషేధించమనే పెద్దలు మెరుపు కాగితం మీద ఎందుకు తీర్మానం రాయరు?

ఈ బూటకం మనమే కనిపెట్టామనుకోకండి. యుద్ధకాలంలో 1940 నుంచి బ్రిటన్లో కేకులమీద ఐసింగ్ నిషేధించారు. పాపం, చిన్న కేకు మీద అట్టతోనో ప్లాస్టరుతోనో చేసిన అంతస్తుల డొల్ల బోర్లించి, అద్దెకు తెచ్చుకుని ఫోటో దిగారు. ఈ దేశంలోనూ 1942లో చక్కెరకి, 1943లో వెన్నకి రేషను పెట్టారు. వెన్న రేషను 1950 దాకా పోలేదు, ఇంత పాడి ఉన్న దేశంలో. బ్రిటన్‌కి పంపాలి కదా. పెళ్ళి ఉందంటే చుట్టుపక్కాలు కూపన్లు చందా వేసుకునేవారు. 1947 నవంబరులో ఎలిజబెత్ యువరాణి పెళ్ళి కేకుకి సైతం సరుకులు ఆస్ట్రేలియా గర్ల్ గైడ్లు కానుకగా పంపారు. అది లేమి. లేనివాడు అట్ట బోర్లిస్తే చూసి కళ్ళు చెమ్మగిల్లుతాయి. గిడ్డంగి దుకాణంలో వెన్న, చక్కెర బస్తాల్లెక్కన కొనగలిగిన మనం థర్మోకోల్ కోస్తే ఏమనాలి? జపానులో ఒకప్పుడు మైనపు కేకులు చేసి కత్తి దింపడానికి సందు పెట్టేవారు, దింపగానే పొగ వచ్చేది. మన కంపెనీవాళ్ళు ఆ పాఠం బాగానే చదువుకున్నారు. శ్రీలంకవాళ్ళ పెళ్ళిలోనూ గోపురం చాలాసార్లు డొల్లదే. కాని వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళ చేతిలో చిన్న పెట్టెలో నిజమైన కేకు ముక్క పెడతారు. కట్టడం అబద్ధమైనా ముక్క నిజం. నాకు అదీ ఒప్పుదలే.

కేకు మారుతూనే ఉంటుంది, అందువల్ల ఏ ఒక్క రూపానికో నేను కట్టుబడమనడంలేదు. నేను వచ్చిన కొత్తలో ఇక్కడ తెల్లవాళ్ళ పెళ్ళిళ్ళలో పాత ఫ్రూట్ కేకు వెళ్ళిపోయి చాక్లెట్ మడ్ కేకు వస్తోంది. తర్వాత కప్ కేకుల మెట్లు. ఆ తర్వాత ఐసింగే లేని దిసమొల కేకు. కొందరు జున్ను చక్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి అదే కేకంటారు. లండన్లో 2011లో విలియం పెళ్ళికి ఎనిమిదంతస్తుల ఫ్రూట్ కేకు చేయిస్తే 2018లో తమ్ముడి పెళ్ళికి నిమ్మకాయ, ఎల్డర్ పూల కేకు చేయించారు. రాజుల ఇంట్లోనే ఏడేళ్ళలో మారింది. మనం పూతరేకులు అంతస్తులుగా పేర్చుకుని కోసుకుంటే ఎవరు వద్దన్నారు? ఆత్రేయపురం వాళ్ళు సంతోషిస్తారు. నా పట్టుదల ఒక్కటే: కోసినది నోటికి అందాలి, అందరికీ.

న్యూజీలాండ్ చట్టానికి ఈ గొడవతో పనిలేదు. 1955 వివాహ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి, సెలబ్రంటు ఉండాలి, ఇద్దరు సాక్షులుండాలి, నిన్ను భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నానని ఒకరితో ఒకరు అనాలి. కేకూ అడగదు, జీలకర్ర బెల్లమూ అడగదు. చట్టం అడగనిదంతా మనుషులు మనుషులకోసం చేసుకునేదే. అలాంటిదాని మీద సంతకాలు పుచ్చుకునే అధికారం సంఘానికి ఎవరిచ్చారు?

కాబట్టి పెద్దలకి నా మనవి. ఆ తీర్మానం వెనక్కి తీసుకోండి. ఏదో ఒకటి రాయాలని చెయ్యి దురదగా ఉంటే ఇవి రాయండి. మన సామాను వాడుకున్న పెళ్ళిలో కేకు గానీ, సారె గానీ చూపించడానికి పెడితే పంచి తీరాలి. తినని వాళ్ళకి గుడ్డు లేనిది విడిగా ఉండాలి, ఏది ఏదో చీటీ రాసి పెట్టాలి. ఇంటి పెద్దావిడ చేతులతో చేసి తెచ్చినదాన్ని హాలు బయట ఉంచమనే హక్కు ఎవరికీ లేదు, కావాలంటే వేరే బల్ల వేయండి, బల్లలు మన దగ్గర పన్నెండున్నాయి, నేను లెక్కపెట్టాను. కేకు బయటనుంచి తెచ్చినందుకు హాలువాళ్ళు ముక్కకింతని రుసుము అడిగితే దాన్ని సంఘం బేరమాడి తగ్గించాలి. ఆ పని చేస్తే చందా పెంచినా ఎవరూ నోరెత్తరు.

ఫిజీ కుటుంబాలు ఈసారి సమావేశానికి రావడం మానేస్తామంటున్నాయి. పెళ్ళికూతురి తండ్రి నాతో మర్యాదగానే అన్నాడు, "మేము అడ్డం ఎందుకు లెండి" అని. నాలుగు తరాలు చెరకు కోసిన చేతులు అవి. సమావేశం లోపల ఎవరో ఒకరు, అధ్యక్షులవారే వెళితే మంచిది, వాళ్ళింటికి వెళ్ళి పిలవాలి. వెళితే అవ్వ ఊరికే పంపదు. పెళ్ళినాటి మూడు కేకుల్లో చిన్నది ఇంకా డబ్బాలోనే ఉంది, మనవరాలికి బిడ్డ పుట్టాక తీస్తుందట. అది అడక్కండి. టీలోకి వేరే ఏదో ఒకటి పెడుతుంది. గుడ్డు ఉందేమో ముందే అడిగితే ఏమీ అనుకోదు.